గోల్ఫ్ సంచికి తాళంకప్ప

ఆ రోజు పొద్దున మామయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. గోల్ఫ్ కర్రలు లెక్క చూసుకోవడం, ఇంత తినడం, మేనకోడలి చేత కాసేపు ప్రాక్టీసు చేయించడం, ఆట అయ్యాక సాయంత్రం రైలెక్కి ఇంటికి పోవడం. ఇందులో ఎవరినీ అనుమానించాల్సిన పని లేదు. కానీ అనుమానించడానికి మామయ్యకు పనంటూ ఉండాలా?

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఒక పెద్ద గోడౌన్‌లో స్టోర్ కీపరు. ఆ గోడౌన్ తలుపులకంటే ఆయన వేయించిన తాళాలే ఎక్కువ. ఇంట్లో పంచదార డబ్బాకు తాళం, సబ్బుల బీరువాకు తాళం, ఎవరూ వాడని పాత ట్రంకుపెట్టెకు కూడా తాళం. అందులో ఏముందని అడిగితే, "ఏమీ లేదు, అయినా జాగ్రత్త మంచిది" అనేవాడు. అందుకే చుట్టపక్కాలందరికీ ఆయన తాళంకప్ప మామయ్య. రిటైరయ్యాక చేతికి తాళాలు లేక పిచ్చెక్కినట్టు తిరుగుతుంటే, అక్క కూతురు జాలిపడి తన గోల్ఫ్ సంచి మోసే క్యాడీగా పెట్టుకుంది.

మేనకోడలికి గోల్ఫే వృత్తి. తక్కువ దెబ్బల్లో బంతిని గుంటల్లో వేసినవాళ్లదే అందులో గెలుపు. ఏడాది పొడవునా ఊరూరా జరిగే ఆడవాళ్ల టోర్నీల వరసలో ఆడుతుంది. ప్రతి టోర్నీలోనూ వచ్చిన పాయింట్లు కలిపితే, చివరికి మొదటి అరవై మందికే వచ్చే ఏడాది చోటు. ఆ తర్వాతి వాళ్లు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కి రావాల్సిందే. ఇది ఆఖరి టోర్నీ, ఆఖరి రోజు. మేనకోడలు సరిగ్గా అరవయ్యో స్థానంలో, గోడ అంచున కూర్చున్నట్టు కూర్చుంది. ఆమె వెనకే, అరవై ఒకటో స్థానంలో, అందరూ పొడుగమ్మాయి అని పిలిచే పిల్ల ఉంది. చాలదన్నట్టు ఆ రోజు ఇద్దరినీ ఒకే జోడీగా ఆడమన్నారు. పొడుగమ్మాయి సంచి మోసేది వాళ్లమ్మ.

"పద్నాలుగు," అన్నాడు మామయ్య, హోటల్ గదిలో మంచం మీద పరిచిన కర్రలను మళ్లీ లెక్కపెట్టి.

"నిన్న రాత్రీ పద్నాలుగే కదా మామయ్యా," అంది మేనకోడలు దుప్పట్లోంచి.

"రాత్రి లెక్క రాత్రిదే. సంచిలో పద్నాలుగుకి మించి ఒక్క కర్ర ఉన్నా మనకి నాలుగు దెబ్బలు కలుపుతారు. ఈ రోజు నాలుగు దెబ్బలంటే ఏమవుద్దో తెలుసుగా?"

"తెలుసు. ఇంటికి పోయి ఉద్యోగం వెతుక్కోవాలి. కానీ రాత్రంతా ఆ సంచి నీ మంచం పక్కనే ఉంది. అవేమైనా పిల్లల్ని పెడతాయా?"

మామయ్య నవ్వలేదు. ఆ పిల్ల నవ్వు వెనక ఉన్న భయం ఆయనకు తెలుసు. రాత్రి వాళ్లమ్మతో ఫోన్‌లో, "ఈసారి రాకపోతే ఇంక వదిలేస్తానమ్మా, నాకు ఓపిక లేదు" అనడం గోడవైపు తిరిగి పడుకునే విన్నాడు. ఏడేళ్ల పిల్లప్పుడు విరిగిన గొడుగు కర్రతో నిమ్మకాయలు కొట్టిన చేతులవి. ఆ చేతులకు అడ్డం వచ్చేవాడు ఎవడైనా సరే, ముందు తనను దాటి రావాలి అనుకున్నాడు.

అడ్డం వచ్చే మనిషి కింద ఫలహారశాలలోనే కనబడింది. పొడుగమ్మాయి తల్లి, ఒకప్పుడు నర్సుగా చేసిన మనిషి, కళ్లద్దాల మీదుగా చూసి చిరునవ్వు నవ్వింది.

"అన్నీ సర్దుకున్నారా అన్నయ్యగారూ?"

మామయ్య చేతిలో రొట్టెముక్క ఆగిపోయింది. ఎదురు పార్టీ మనిషికి మన సర్దుబాటు సంగతి దేనికి? "సర్దుకున్నామమ్మా," అని ముక్తసరిగా అని, గుడ్డు కూడా తినకుండా లేచాడు.

గోల్ఫ్‌లో ఒక నియమం ఉంది. ఆట మధ్యలో ఏ కర్రతో కొడుతున్నావని ఎదుటివాళ్లను అడగకూడదు, వాళ్లు చెప్పకూడదు. అడిగినా శిక్షే, చెప్పినా శిక్షే. అయితే పక్కవాళ్ల సంచిలోకి ఊరికే ఓ చూపు వేస్తే ఎవరూ కాదనరు. అందుకే కొందరు క్యాడీలు సంచి మూతి మీద తువ్వాలు కప్పుతారు. మామయ్య ఈ నియమాన్ని నేర్చుకున్న నాటి నుంచి, తన సంచి వైపు మెడ తిప్పిన ప్రతివాడినీ దొంగల జాబితాలో వేసుకుంటూ వస్తున్నాడు.

ప్రాక్టీసు పచ్చిక మీద అమ్మాయిలిద్దరూ పక్కపక్కనే బంతుల్ని గుంటల్లోకి దొర్లిస్తున్నారు. దొర్లించడానికి వాడే కర్రను పుట్టర్ అంటారు. ఈ ఏడాది ఒక కంపెనీవాళ్లు ఆటగత్తెలందరికీ ఒకే రకం పుట్టర్లు పంచిపెట్టారు. కవలపిల్లల్లా ఉంటాయి. గుర్తు కోసం పొడుగమ్మాయి తన పుట్టర్ పిడికి ఎర్ర టేపు చుట్టుకుంది. మేనకోడలు ఏమీ చుట్టుకోలేదు.

మామయ్య ఆ పుట్టర్లను చూడటం లేదు. ఆయన చూపంతా పొడుగమ్మాయి తల్లి మీదే ఉంది. ఆవిడ సంచి పక్కన చిన్న మడతకుర్చీ వేసుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, ఇటే చూస్తోంది. ఆవిడ చూపు తమ సంచి మీద వాలిందని అనుకున్న మరుక్షణం మామయ్య ఒళ్లంతా కళ్లు చేసుకున్నాడు. అలా కాపలా కాసే హడావిడిలో, మేనకోడలు ప్రాక్టీసు ముగించి తన పుట్టర్ తనే సంచిలో పెట్టుకుని మంచినీళ్ల కోసం వెళ్లడం ఆయన గమనించలేదు.

గమనించింది ఏమిటంటే, పచ్చిక అంచున ఒక పుట్టర్ పడి ఉంది. దానికీ ఆ తల్లి కుర్చీకీ మధ్య మహా అయితే నాలుగడుగులు.

'ఈ పిల్లకు ఎప్పటికి బుద్ధొస్తుందో! ప్రాణం లాంటి కర్రను శత్రువు కాళ్ల దగ్గర పడేసి పోయింది,' అనుకుంటూ మామయ్య గద్దలా వాలి దాన్ని ఎత్తుకుని, పిడి వైపైనా చూడకుండా తన తువ్వాల్లో చుట్టి, పైన గోడౌన్ మూటలకు కట్టే ముడి ఒకటి బిగించి, సంచిలోకి తోసేశాడు. ఎవరూ చూడలేదని రూఢి చేసుకుని మరీ అక్కణ్నుంచి కదిలాడు.

కాసేపట్లో పొడుగమ్మాయి తల్లి వెనకాలే వచ్చింది.

"అన్నయ్యగారూ, చిన్న మాట."

"ఆట అయ్యాక మాట్లాడుకుందామమ్మా."

"అప్పటిదాకా ఆగేది కాదండీ. ఏమీ అనుకోకపోతే మీ సంచిలో ఏమేం ఉన్నాయో ఒక్కసారి..."

మామయ్య చెవులు గట్టిగా మూసుకున్నాడు. మూసుకున్నాడంటే నిజంగానే, రెండు చేతులతో. పట్టపగలు, అంతమంది మధ్య, సంచిలో ఏమున్నాయని నోరు తెరిచి అడుగుతోంది! తను పొరపాటున ఒక్క ముక్క చెబితే శిక్ష పడేది మేనకోడలికి. ఆట ఇంకా మొదలుకాలేదనీ, ఆ నియమం ఇంకా అమల్లోకి రాలేదనీ ఆయనకు తట్టలేదు. తట్టినా, జాగ్రత్త మంచిదే అనుకునేవాడు.

"నేనేం వినలేదు, మీరేం అడగలేదు," అని సంచి భుజాన వేసుకుని గబగబా నడిచాడు.

ఆవిడ వెనకే నడిచింది. మామయ్య బంతులు కడిగే గది చుట్టూ తిరిగాడు. ఆవిడ అటునుంచి ఎదురొచ్చింది. మామయ్య కార్లు నిలిపే చోట రెండు వ్యాన్ల సందులో దూరాడు. వ్యాను అద్దంలో ఆవిడ కళ్లద్దాలు మెరిశాయి. చివరికి ఆయన ఆడమనిషి రాలేని చోటు ఒక్కటే ఉందని గ్రహించి, సంచితో సహా మగవాళ్ల మరుగుదొడ్డిలో జొరబడి గడియ పెట్టుకున్నాడు.

కాసేపటికి బయటినుంచి ఓ క్యాడీ తలుపు తట్టాడు. "ఏం పెద్దాయనా, లోపల ఇద్దరున్నారా? కింద నాలుగు కాళ్లు కనబడుతున్నాయి."

"రెండు సంచివి," అన్నాడు మామయ్య.

"సంచిక్కూడా వచ్చిందా పాపం!"

మామయ్య పట్టించుకోలేదు. ఆయన బుర్ర మహా చురుగ్గా పనిచేస్తోంది. ప్రయాణాల్లో గోల్ఫ్ సంచికి నిలువెత్తునా తొడిగే మందపాటి గుడ్డ ముసుగు ఆయన దగ్గరే ఉంది. దాని జిప్పుకు తాళం వేసుకునే వీలుంది. తాళం ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది, గోడౌన్ నాటిది, నొక్కితే చాలు పడిపోతుంది. మరి తాళంచెవి ఎక్కడ పెట్టడం? క్యాడీలు వేసుకునే పైచొక్కాకు ఉన్నది ఒక్కటే జేబు, అదీ మూత లేనిది. ప్యాంటు జేబుల్నీ నమ్మలేం. ఆ నర్సమ్మ వేళ్లు ఎన్ని ఇంజెక్షన్లు తెలియకుండా పొడిచినవో! తాళంచెవిని ఎవరికీ అనుమానం రాని చోట, గోల్ఫ్ సంచిలోనే బంతుల అరలో, అడుగున దాచాడు. దాని మీద ముసుగు తొడిగాడు. జిప్పు లాగాడు. తాళం నొక్కాడు. టక్కుమన్న ఆ చప్పుడు విని చాలా రోజుల తర్వాత ఆయన మనసు చల్లబడింది.

బయటికొచ్చేసరికి ఆవిడ అక్కడే నిలబడి ఉంది. తాళం చూసింది. ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఇంత పని చేస్తారనుకోలేదండీ," అంది.

'దొరికిపోయాక అందరూ ఇలాగే అంటారు,' అనుకున్నాడు మామయ్య. నేరుగా రెఫరీ దగ్గరికి పోయి ఫిర్యాదు పెట్టాడు. రెఫరీ అంటే నవ్వడం మరిచిపోయిన ఓ పెద్దావిడ.

"ఆవిడ పొద్దున్నుంచీ మా సంచి మీద కన్నేసిందమ్మగారూ. వెంటాడుతోంది. సంచిలో ఏమున్నాయని అడిగింది కూడా."

"చూసిందా?"

"చూడనిస్తానా!"

"సరే, మొదటి టీ దగ్గరికి నేనే వస్తాను. అక్కడ మాట్లాడదాం," అందావిడ.

మొదటి బంతి కొట్టే చోటును మొదటి టీ అంటారు. అక్కడ అప్పటికే జనం గుంపుగా నిలబడి ఉన్నారు. పొడుగమ్మాయి కళ్లు ఏడ్చినట్టు ఉన్నాయి. మేనకోడలు చేతికి తొడుగు వేసుకుంటూ మామయ్య భుజాన ఉన్న మూటను చూసి తెల్లబోయింది.

"ఇదేంటి మామయ్యా? ఎక్కడికైనా విమానమెక్కుతున్నామా?"

"తర్వాత చెబుతాలే."

"సరే, డ్రైవర్ కర్ర ఇవ్వు. మన పేర్లు పిలవబోతున్నారు."

మామయ్య జేబులో చెయ్యి పెట్టాడు. మళ్లీ పెట్టి చూశాడు. ప్యాంటు జేబులు బయటికి లాగాడు. తర్వాత ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ముఖంలో రంగులు మారాయి.

"తాళంచెవి..." అన్నాడు.

"ఎక్కడుంది?"

"చాలా భద్రంగా ఉంది."

"ఎక్కడ మామయ్యా?"

"సంచిలో."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు గుంపంతా పాకింది. మేనకోడలు నవ్వలేదు. సమయానికి ఆట మొదలుపెట్టకపోతే రెండు దెబ్బలు కలుపుతారు, మరీ ఆలస్యమైతే ఆటే లేదు పొమ్మంటారు. రెఫరీ గడియారం చూసుకుంది.

మామయ్య తాళాన్ని పట్టుకుని గుంజాడు. రాయి తెచ్చి కొట్టాడు. చెట్లు కత్తిరించే మనిషి పరుగెత్తుకొచ్చి పెద్ద కత్తెరతో కొరికించి చూశాడు. కత్తెర నోరు వంకరపోయింది.

"ఏం తాళం సార్ ఇది!"

"పాతకాలం సరుకు. ఏనుగు తొక్కినా ఊడదు," అన్నాడు మామయ్య అలవాటు కొద్దీ, గర్వంగా. మేనకోడలు చూసిన చూపుకు తల దించుకున్నాడు. బతుకంతా ఏ తాళమూ ఊడకూడదని మొక్కుకున్న మనిషి, మొదటిసారి ఒక తాళం ఊడిపోవాలని దేవుళ్లందరికీ దండాలు పెట్టుకున్నాడు.

అప్పుడు పొడుగమ్మాయి తల్లి ముందుకొచ్చింది.

"తాళం ఎందుకండీ కోయడం? తాళం ఇనపది గానీ ముసుగు గుడ్డదేగా," అంటూ తన చేతిసంచిలోంచి కట్లు కత్తిరించే కత్తెర తీసింది. "కోయమంటారా?"

పొద్దున్నుంచీ ఎవరి కంట పడకుండా సంచిని మరుగుదొడ్లో దాచాడో, ఆ మనిషే ఇప్పుడు దాన్ని కోసి చూస్తానంటోంది. కాదంటే మేనకోడలి ఏడాది పోతుంది. ఆయన కళ్లు మూసుకుని తలాడించాడు.

గుడ్డ పర్రుమని చిరిగింది. కర్రలు బయటపడ్డాయి. వాటి మధ్య తువ్వాల్లో చుట్టిన పొడుగాటి మూట ఒకటి నిలబడి ఉంది. రెఫరీ దాన్ని బయటికి తీయించింది. ముడి విప్పితే ఎర్ర టేపు చుట్టిన పిడి. మేనకోడలి పుట్టర్ మాత్రం సంచిలో తన చోట తాను ఉంది.

"నా పుట్టర్!" అంది పొడుగమ్మాయి, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు.

"చూశారా!" మామయ్య ఒక్క ఎగురు ఎగిరాడు. "చూశారా అమ్మగారూ, ఇదీ కుట్ర! మా సంచిలో పదిహేనోది తెచ్చి పెట్టారు! అందుకే పొద్దున్నుంచీ..."

"మామయ్యా," అంది మేనకోడలు నెమ్మదిగా, "ఆ తువ్వాలు ఎవరిది?"

మామయ్య తువ్వాలు వైపు చూశాడు.

"ఆ ముడి ఎవరిది? ప్రపంచంలో ఆ ముడి వేసేది ఇంకెవరున్నారు?"

మామయ్య ముడి వైపు చూశాడు. నెమ్మదిగా, ఒక్కొక్కటే, పచ్చిక అంచూ, నాలుగడుగులూ, గద్దలా వాలడమూ గుర్తొచ్చాయి.

రెఫరీ కర్రలన్నీ లెక్కపెట్టింది. "పదిహేను," అంది. "ఒక్క బంతి కొట్టాక తేలి ఉంటే శిక్ష పడేది. ఇంకా మొదలుపెట్టలేదు గనక బతికిపోయారు. వీళ్ల కర్ర వీళ్లకిచ్చెయ్యండి." తర్వాత పొడుగమ్మాయి తల్లి వైపు తిరిగింది. "కర్ర పోయిందని నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆవిడ కత్తెర మడిచి సంచిలో వేసుకుంది. "మీకు చెబితే దొంగతనం మాట పైకొస్తుంది కదండీ. పెద్దాయన, ఈ వయసులో మర్యాద పోతుంది. పొరపాటున కలిసిపోయిందేమో, చూసుకోమని మెల్లిగా చెబుదామని వెనకాలే తిరిగాను. ఆయన నిలబడితేగా! తాళం వేశాక మాత్రం, నిజం చెప్పొద్దూ, నాకూ కాస్త అనుమానం వచ్చింది."

మామయ్యకు భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. ఆవిడ తన మర్యాద కాపాడాలని దాచింది. తను ఆవిడ మర్యాద తీయాలని రెఫరీ దగ్గరికి పరుగెత్తాడు. ఇంత సిగ్గు ఆయన జన్మలో పడలేదు.

"చెల్లెమ్మా..." అన్నాడు.

"ఆట అయ్యాక మాట్లాడుకుందామన్నారుగా," అని ఆవిడ నవ్వేసింది.

ఆ రోజు మామయ్య తల ఎత్తకుండా సంచి మోశాడు. పక్కవాళ్లు ఏ కర్ర తీస్తున్నారో చూడలేదు, తమ సంచి మీద తువ్వాలు కప్పలేదు. మేనకోడలు మొదట కోపంతో కొట్టింది, తర్వాత కోపం పోయి హాయిగా కొట్టింది. మొదటి టీ దగ్గర అంత పరువు పోయాక ఇంక పోవడానికేమీ లేదన్న ధైర్యం వచ్చింది కాబోలు. పొడుగమ్మాయి పుట్టర్ పట్టుకుంటే బంతి గుంట వాసన పట్టినట్టు పోయి పడింది. సాయంత్రం పట్టిక వేసేసరికి పొడుగమ్మాయి యాభై తొమ్మిది, మేనకోడలు అరవై. పైన ఉన్న ఎవరో ఒకరు కిందికి జారిపోయారు. అరవై ఒకటో మనిషికీ మేనకోడలికీ తేడా ఒక్క దెబ్బతో వచ్చే పాయింట్లంతే.

మేనకోడలు ఆ పట్టిక ముందు నిలబడి, ఏడుస్తూ నవ్వుతూ మామయ్యను కావలించుకుంది.

"నువ్వు ఆ తాళం వేయకపోతే, చెవి లోపల పెట్టకపోతే, ఎవరూ సంచి లెక్క చూసేవాళ్లు కాదు మామయ్యా. పదిహేను కర్రలతో ఆడేసేదాన్ని. నాలుగు దెబ్బలు! ఇంటికి పోయేవాళ్లం."

మామయ్య ఛాతీ ఉప్పొంగబోయింది.

"కానీ నువ్వు ఆ కర్ర ఎత్తుకురాకపోతే, అసలివేవీ ఉండేవి కావు," అని ముగించింది మేనకోడలు. ఛాతీ మళ్లీ యథాస్థానానికి వచ్చింది.

మామయ్య ఇంటికి వెళ్లి పంచదార డబ్బా తాళం తీసేశాడు. సబ్బుల బీరువా తాళం తీసేశాడు. వాళ్లక్క భయపడి డాక్టరుకు ఫోన్ చేయబోయింది. గోడౌన్ నాటి తాళాన్ని మాత్రం, చెవితో సహా, పొడుగమ్మాయి తల్లికి కానుకగా పోస్టులో పంపాడు. "ఇంక నాకు దీంతో పని లేదు చెల్లెమ్మా" అని చీటీ రాసి మరీ పెట్టాడు.

కొత్త ఏడాది మొదటి టోర్నీలో, ప్రాక్టీసు పచ్చిక దగ్గర, ఆవిడ అదే మడతకుర్చీలో కూర్చుని ఉంది. "బాగున్నారా అన్నయ్యగారూ?" అని ఆప్యాయంగా పలకరించింది. పక్కనే కూతురి గోల్ఫ్ సంచి, నిలువెత్తునా ముసుగు తొడిగి, జిప్పుకు ఆ తాళమే వేలాడుతోంది. తాళంచెవి ఆవిడ మెడలో, గొలుసుకు ఉంది.

మామయ్య కాసేపు ఆ తాళాన్నీ, ఆవిడనూ మార్చి మార్చి చూసి, మేనకోడలిని పక్కకు లాగాడు.

"చూశావా తల్లీ," అన్నాడు మనసు కష్టపెట్టుకుని, "మనుషుల మీద మరీ ఇంత అనుమానమైతే ఎలా బతుకుతారే వీళ్లు?"